నంబరుకీ మడతకీ తేడా వస్తే

నంబరమ్మకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తన కూతురు మారిపోతుందేమోనని. మారిపోవడమంటే బుద్ధి మారడమో, మాట మారడమో కాదు. దుప్పటి మారిపోయినట్టు మారిపోవడం. ఒకటి ఇస్తే ఇంకొకటి తిరిగి రావడం. కొలత సరిపోతుంది, రంగు సరిపోతుంది, ఇంటికి తీసుకెళ్ళి పరిచాక గానీ తెలియదు, అది మనది కాదని.

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఆమె పనిచేసేది లాండ్రీలో. మూడు ఆసుపత్రులు, ఐదు లాడ్జీలు, రెండు హాస్టళ్ళ బట్టలు రోజూ మూటలు మూటలుగా వచ్చి పడతాయక్కడ. ఉతికేవాళ్ళు వేరు, ఇస్త్రీ చేసేవాళ్ళు వేరు. ఈమె పని నంబర్లు వేయడం. వేలెడంత గుడ్డపీలిక మీద చెరగని సిరాతో నంబరు రాసి, దుప్పటి మూలనో చొక్కా కాలరు లోపలో రంగుదారంతో నాలుగు కుట్లు వేయాలి. అందుకే నంబరమ్మ. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది.

వాళ్ళ లాండ్రీలో ఒకరి బట్ట ఇంకొకరికి పోతే దాన్ని 'మార్పిడి' అంటారు. గోడ మీద నల్లబల్ల ఉంటుంది. 'ఈ నెల మార్పిళ్ళు' అని రాసి, కింద అంకె వేస్తారు. నంబరమ్మ చేరిన తొమ్మిదేళ్ళలో ఆ అంకె సున్నా దాటింది రెండేసార్లు. ఆ రెండుసార్లూ ఆమెకు జ్వరం వచ్చింది. మార్పిడి వల్ల జ్వరమో, జ్వరం వల్ల మార్పిడో ఎవరూ తేల్చలేదు.

అలాంటి మనిషి ఇంటికి ఒకరోజు బడినుంచి కాగితం వచ్చింది.

నంబరమ్మ చదువు ఏడో తరగతిలో భిన్నాల దగ్గర ఆగిపోయింది. సగం, పావు, ముప్పావు మొదలుపెట్టిన వారమే బడి మాన్పించారు. అందుకే ఆమెకు ఏదైనా మొత్తంగా ఉండాలి, సగాలంటే గిట్టదు. కాగితం కూడా మొత్తం చదివింది, వరసల కింద వేలు పెట్టుకుంటూ.

'అంతర్జాతీయ బాలికల ఫుట్‌బాల్ మార్పిడి కార్యక్రమం. బాలికల క్రీడలను, దేశాల మధ్య అవగాహనను పెంపొందించుటకై నిర్వహించబడును. మీ బాలిక ఎంపిక చేయబడినది. మార్పిడిలో భాగంగా ఒక విదేశీ బాలిక మీ ఇంటికి కేటాయించబడును. తదుపరి మీ బాలిక పంపబడును.'

వేలు 'మార్పిడి' దగ్గర ఆగిపోయింది.

"అత్తయ్యా! మన మిడతను తీసుకుని వేరే పిల్లను ఇస్తారట!"

మిడత ఆమె కూతురు. పదకొండేళ్ళు. నడక వచ్చిన రోజు నుంచీ నడవలేదు, గెంతింది. బడి జట్టులో కుడివైపు అంచున ఆడుతుంది, బంతి దొరికితే గీత వెంబడి గెంతుకుంటూ పోతుంది.

అత్తగారు కుర్చీలోంచి కదలకుండా అడిగింది. "ఇచ్చే పిల్లకి అంట్లు తోమడం వచ్చా?"

"అత్తయ్యా!"

"వస్తే ఆలోచిద్దాం అంటున్నా. మనదానికి ఎలాగూ రాదు."

మొగుడు లిఫ్టు మెకానిక్కు. కాగితం తిప్పి తిప్పి చూసి నవ్వాడు. "పిచ్చిదానా, మార్పిడంటే అది కాదు. వాళ్ళ పిల్లలు పదిరోజులు వచ్చి మన ఇళ్ళల్లో ఉండి, మనవాళ్ళతో ఆడి వెళ్ళిపోతారు. పై నెలలో మనవాళ్ళు వెళ్ళి పదిరోజులుండి వస్తారు."

"తిరిగి వస్తారని రాసుందా?"

అతను మళ్ళీ చదివాడు. 'పంపబడును' దగ్గర కాగితం అయిపోయింది. "రాయలేదనుకో. అయినా వస్తారు. పైకెళ్ళిన లిఫ్టు కిందకి రాదా?"

"మీరు బాగుచేసిన లిఫ్టులే రావు కదా!"

అత్తగారు కొడుకు వైపు చూసి, "దానికి నోరు ఎప్పుడు వచ్చిందిరా?" అంది, కొంచెం మెచ్చుకోలుగానే.

కాగితానికి రెండు సంతకాలు కావాలి. ఒకటి వచ్చే పిల్లను ఇంట్లో ఉంచుకోవడానికి, ఇంకొకటి మన పిల్లను పంపడానికి. మొదటిది నంబరమ్మ పెట్టింది. వచ్చిన పిల్లను వద్దనే గుణం ఆ ఇంట్లో లేదు. రెండో కాగితం మాత్రం బొత్తాల డబ్బాలో అడుగున పెట్టి, పైన బొత్తాలు పోసింది. మిడత రోజూ అడిగేది, "అమ్మా, సంతకం?" నంబరమ్మ రోజూ చెప్పేది, "పెన్ను రాయట్లేదే." చెరగని సిరాతో రోజుకు నాలుగువందల నంబర్లు వేసే మనిషికి ఇంట్లో పెన్ను రాయదు! మిడత చిన్నపిల్లే గానీ వెర్రిది కాదు. నాలుగోరోజు నుంచి అడగడం మానేసింది. అడిగితేనే నయం అనిపించింది నంబరమ్మకు.

మనసు ఆగక ఆమె క్రీడల ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ఈ కార్యక్రమం చూసే ఆయన్ని అందరూ రిజిస్టరు సారు అంటారు. బల్ల మీద ఆరు రిజిస్టర్లు, వాటి వెనక ఆయన నుదురు. ఆ నుదురుతోనే మాట్లాడింది నంబరమ్మ.

"సార్, వచ్చేవాళ్ళు పదకొండు, మనవాళ్ళు పదకొండు. అందరూ ఒకటే ఈడు, ఒకటే ఎత్తు. పదిరోజులు ఎండలో ఆడితే అందరి ముఖాలూ ఒకటే రంగు. చివర్లో తేడా వస్తే?"

'తేడా' అనే మాట వినగానే నుదురు పైకి లేచింది, దాని కింద కళ్ళు కనిపించాయి. "ఇన్నేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషివమ్మా నువ్వు," అన్నాడాయన గద్గదంగా. "ముఖాలు చూసి లెక్కపెట్టుకోండి అంటారు అందరూ. ముఖం చూసి లెక్కపెట్టడం పద్ధతి కాదు. పక్షపాతం అవుతుంది."

"మా లాండ్రీలో అయితే నంబరు వేస్తాం సార్. నంబరు ఏం చెప్తే అదే. కస్టమరు ఎంత అరిచినా సరే."

అంతే. ఆ మాట రిజిస్టరులోకి ఎక్కింది. మన పిల్లల జెర్సీలు ఆకుపచ్చ, వచ్చేవాళ్ళవి పసుపు. ఇరవైరెండు జెర్సీల కాలర్ల లోపలా నంబరు కుట్టాలి. ఒక ఇంట్లో ఉండే ఇద్దరికీ ఒకటే నంబరు, మన పిల్లకు ఎర్రదారం, వచ్చిన పిల్లకు నీలం దారం. కుట్టే పని నంబరమ్మదే. తన కూతురికి 417 వేసుకుంది. మేజోళ్ళకు, బూటు నాలుకకు, తల తుడుచుకునే తువ్వాలుకు కూడా వేసింది.

"నేను దుప్పటినా అమ్మా?" అంది మిడత.

"దుప్పటివైతే నాకింత బాధ లేదు."

వచ్చారు పిల్లలు. వాళ్ళ కోచ్ ఆరడుగుల మనిషి, విమానంలో ఒకే ఒక్క తెలుగు మాట నేర్చుకుని దిగింది: "బాగుంది." మంచినీళ్ళిచ్చినా బాగుంది, బస్సు చెడిపోయినా బాగుంది. నంబరమ్మ ఇంటికి కేటాయించబడిన పిల్లకు ముందు పళ్ళ మధ్య సందుంది, మోకాలి మీద మిడతకున్నట్టే చెక్కుడు గాయం ఉంది. అత్తగారు ఆ పిల్ల పేరు మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి నాలుక కరుచుకుంది. "నా వల్ల కాదే తల్లీ, నువ్వు రెండోదానివి," అని తేల్చేసింది. ఆరోజు నుంచి ఆ పిల్ల రెండోది.

రెండోది గడుసుది. చెవితో వినేది, నోటితో దాచుకునేది. ఆ ఇంట్లో రోజుకు ఇరవైసార్లు వినిపించే మాట ఒకటుంది. నంబరమ్మ వంటింట్లోంచి "మిడతా!" అని కేకేస్తుంది, మిడత "ఆఁ, వస్తున్నా!" అంటుంది, రాదు. మూడోరోజుకు రెండోది కూడా అచ్చంగా అలాగే "ఆఁ, వస్తున్నా!" అనడం, అచ్చంగా అలాగే రాకపోవడం నేర్చేసుకుంది.

సాయంత్రాలు వరండాలో ఆట. అత్తగారు కుర్చీ గుమ్మంలో వేసుకుని, రెండు కాళ్ళూ చాపి గోల్‌కీపరైంది. "ఏంటే ఈ గోల?" అనేది. "గోల కాదు నాయనమ్మా, గోల్!" అనేది మిడత. "రెండూ ఒకటే, నా కాలికి తగిలింది," అనేది అత్తగారు, కానీ కుర్చీ తీసేది కాదు. ఒకరోజు బంతి దొర్లుకుంటూ వచ్చి, ఆరేసిన బట్టలు తీస్తున్న నంబరమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. పిల్లలిద్దరూ కళ్ళార్పకుండా చూశారు. ఆమె వీధి వైపు చూసింది, ఎవరూ లేరు. చేతిలో బట్టలతోనే ఒక్క తన్ను తన్నింది. బంతి అత్తగారి భుజం మీదుగా ఇంట్లోకి పోయి నీళ్ళ బిందెను పడేసింది. రెండోది గాల్లోకి ఎగిరి "బాగుంది!" అని అరిచింది. నంబరమ్మకు సిగ్గేసింది, పాదం నొప్పెట్టింది. కానీ పాదం వైపు రెండుమూడుసార్లు చూసుకుంది, ఎవరి పాదమో అన్నట్టు.

తెల్లవారి లేవగానే ఆమె మొదటి పని ఇద్దరూ ఉన్నారో లేదో చూడటం. ఒకే పరుపు మీద పడుకునేవాళ్ళు. మిడత మోకాళ్ళు గడ్డానికి ఆనించి, ఎడమచెయ్యి చెవికింద పెట్టుకుని నాలుగు మడతలై పడుకునేది. రెండోది ఇస్త్రీ దుప్పటిలా నిటారుగా, కుడిపాదం ఒక్కటీ దుప్పటి బయటపెట్టి. నంబరమ్మ ఆ పాదం కప్పేది. పొయ్యి వెలిగించి వచ్చేసరికి అది మళ్ళీ బయట ఉండేది.

ఆఖరిరోజు పొద్దున ఆఖరి మ్యాచ్. లాండ్రీలో ఆసుపత్రి మూటలు వచ్చి పడటంతో నంబరమ్మకు సెలవు దొరకలేదు. మధ్యాహ్నం రెండింటికి వాళ్ళ బస్సు విమానాశ్రయానికి బయలుదేరుతుందని తెలిసి, రెండోదాన్ని సాగనంపుదామని పావు తక్కువ రెండుకు మైదానానికి పరిగెత్తింది. మిగతా తల్లిదండ్రులను సాయంత్రం వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళమన్నారు కాబట్టి అక్కడ తల్లన్నది ఆమె ఒక్కతే.

బస్సు ఇంజను గురగురలాడుతోంది. లోపల పసుపు జెర్సీలు, ఆటకు అలిసి, సీట్లలో పడి నిద్ర. రిజిస్టరు సారు మెట్టు పక్కన నిలబడి సంతోషంగా గీతలు గీస్తున్నాడు. రెండోది ఏ సీట్లో ఉందోనని నంబరమ్మ కిటికీలు వెతుక్కుంటూ వచ్చింది. అయిదో కిటికీలో పసుపు జెర్సీ వేసుకుని, నాలుగు మడతలై, మిడత.

ఆమె పక్క కిటికీల్లోకి చూసింది. ఆరో కిటికీలో మన గోల్‌కీపరు పిల్ల. ఏడో కిటికీలో టీచరుగారి అమ్మాయి. బస్సునిండా మన పిల్లలే!

జరిగింది ఇది. మ్యాచ్ అయ్యాక, ఫుట్‌బాల్ వాళ్ళ అలవాటు ప్రకారం, పిల్లలు జెర్సీలు మార్చుకున్నారు. ఏ ఇంట్లో ఉన్న పిల్ల ఆ ఇంటి పిల్లతో. జ్ఞాపకంగా ఉంచుకోవడానికి. ఆ తరువాత రిజిస్టరు సారు వచ్చి, తల ఎత్తకుండా, ఒక్కొక్కరి కాలరు తిప్పి చూసి, నీలం దారాన్ని బస్సులోకి, ఎర్రదారాన్ని బట్టలు మార్చుకునే గదిలోకి పంపించాడు. వాళ్ళ కోచ్‌ని "మీ పిల్లలేనా?" అని అడిగాడు. "బాగుంది," అందావిడ. మన కోచ్ అక్క అడ్డం పడింది గానీ, పదిరోజులు అరిచి అరిచి ఆమె గొంతు పూర్తిగా పోయింది, మెడలో విజిలు మాత్రం మిగిలింది. ఆమె విజిలు ఊదేకొద్దీ, ఇది బయలుదేరే విజిలు కాబోలనుకుని డ్రైవరు ఇంజను ఇంకా పెంచాడు.

"సార్! అది నా కూతురు!"

"అమ్మా, నువ్వా! నీ పద్ధతి అద్భుతం," అన్నాడాయన. "పదకొండు నీలం ఎక్కాయి, పదకొండు ఎర్ర గదిలోకి వెళ్ళాయి. ఒక్క తేడా లేదు."

"అందరూ తారుమారయ్యారు సార్! ముఖం చూడండి!"

"ముఖాలు చూడకూడదని మనం అనుకున్నాం కదమ్మా."

"జెర్సీలు మార్చుకున్నారండీ!"

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, రిజిస్టరు మొదటిపేజీ ఆమెకు చూపించాడు. "ఇది ఏం కార్యక్రమం? చదువు."

"మార్పిడి కార్యక్రమం," చదివింది నంబరమ్మ.

"మార్పిడి జరిగింది. ఇందులో తప్పెక్కడుంది?"

తొమ్మిదేళ్ళుగా కస్టమర్లు ఆమె ముందు నిలబడి "అమ్మా, ఈ దుప్పటి నాది కాదు" అని మొత్తుకుంటే, "నంబరు ఏం చెప్తే అదే" అని చీటీ చేతిలో పెట్టి పంపించింది. ఆ మొత్తుకున్న ముఖాలన్నీ ఇప్పుడు ఆమెకు వరసగా కనిపించాయి. చేసుకున్నవారికి చేసుకున్నంత.

"పిలిస్తే పలుకుతుంది సార్. పలికితే నమ్ముతారా?"

"పిలువు. రాసుకుంటాను."

నంబరమ్మ గట్టిగా ఊపిరి పీల్చి, బస్సు అద్దాలు అదిరేలా, "మిడతా!" అని పిలిచింది.

బస్సులో ఒక్క తలా కదల్లేదు. మైదానం అవతల, బట్టలు మార్చుకునే గదిలోంచి మాత్రం ఖణీమని వినిపించింది. "ఆఁ, వస్తున్నా!"

ఎవరూ రాలేదు.

"చూశావా," అన్నాడు రిజిస్టరు సారు రాసుకుంటూ. "పలికింది. గదిలో ఉంది. నీ ఎర్ర 417 క్షేమం."

కోచ్ అక్క తల పట్టుకుని రెండుసార్లు విజిలు ఊదింది. ఒకసారి ఊదితే అవును, రెండుసార్లైతే కాదు. ఆ సంగతి అప్పటికి తెలిసింది ఆమె ఒక్కతెకే.

ఏడిస్తే బస్సు ఆగదని నంబరమ్మకు తెలుసు. ముంజేత్తో ముఖం తుడుచుకుంది. అప్పుడు గుర్తొచ్చింది లాండ్రీ పెద్దాయన మాట. పని నేర్పిన మొదటిరోజు చెప్పాడు. నంబరు ఊడిపోవచ్చు, తప్పు పడొచ్చు. మడత మాత్రం పోదు. ఏళ్ళ తరబడి ఒకే తీరున మడిచిన బట్టకు ఆ గీత పడిపోతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా కనిపిస్తుంది. ఏ ఇంటి మడత ఆ ఇంటిదే.

"సార్, మా లాండ్రీలో ఇంకో నియమముంది. చెప్పడం మర్చిపోయాను. నంబరుకీ మడతకీ తేడా వస్తే, మడతే నిజం."

ఆయన పెన్ను ఆగింది. "రిజిస్టరులో మడతకు గడి లేదే."

నంబరమ్మ ఆయన చేతిలో పెన్ను లాక్కున్నంత పని చేసింది. అంచున స్కేలు పెట్టి, గీత గీసి, పైన 'మడత' అని గుండ్రంగా రాసింది. చెరగని సిరాతో రాసే చెయ్యి, గడి అచ్చువేసినట్టు వచ్చింది. రిజిస్టరు సారు దాన్ని కాసేపు చూసుకున్నాడు. ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా ఉండగలిగే మనిషి కాదాయన.

"పద," అన్నాడు.

ఇద్దరూ బస్సెక్కారు. అయిదో సీటు దగ్గర నంబరమ్మ ఆగింది. మోకాళ్ళు గడ్డానికి, ఎడమచెయ్యి చెవి కింద. "నాలుగు మడతలు. ఇది మా ఇంటి మడత. నా కూతురు."

రిజిస్టరు సారు వంగి, తొలిసారి ఒక పిల్ల ముఖంలోకి చూశాడు. "ఏమ్మాయ్, ఈవిడ మీ అమ్మేనా?"

మిడత ఒక కన్ను తెరిచింది. అమ్మను చూసింది. ఆయన్ని చూసింది.

"బాగుంది," అంది, మళ్ళీ కన్ను మూసుకుంది.

నంబరమ్మ ఇన్నాళ్ళూ ఎవరో వచ్చి మార్చేస్తారని భయపడింది. పిల్ల తనే మారిపోవడానికి సిద్ధపడుతుందని ఏ నల్లబల్లా చెప్పలేదు. బొత్తాల డబ్బా గుర్తొచ్చింది. రాయని పెన్ను గుర్తొచ్చింది. నాలుగోరోజు నుంచి అడగడం మానేసిన పిల్ల గుర్తొచ్చింది.

ఆమె సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయనకు వినపడకుండా, చెవి దగ్గర చెప్పింది.

"మిడతా. నువ్వు పోవాలనుకోవడం తప్పు కాదే. నేను పంపనని ఇలా ఎక్కావు, నాకు తెలుసు. కానీ అక్కడ రెండోదాని అమ్మ నిలబడి ఉంటుంది. పదిరోజుల నుంచి లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. విమానం దిగి, తలుపు తెరుచుకుని, నువ్వు బయటికొస్తే... మంచిపిల్లవే, కాదనను. అయినా ఆవిడ ఏమైపోవాలి?"

మూసుకున్న కనురెప్పలు కదిలాయి. "నువ్వు పంపవుగా," అంది మిడత, తెలుగులోనే.

"పంపుతా."

"పెన్ను రాయదుగా."

"సార్," అంది నంబరమ్మ లేచి, "ఆ రెండో కాగితం ఇంకోటుందా?"

ఉండకేం! ప్రతి కాగితానికి మూడు ప్రతులు ఆయన సంచిలోనే తిరుగుతుంటాయి. కిటికీ అద్దానికి ఆనించి, వేలు కింద పెట్టుకోకుండా, నంబరమ్మ సంతకం పెట్టింది. జీతాల పుస్తకంలో ఉండిపోయిన అసలు పేరు పూర్తిగా రాసింది.

రిజిస్టరు సారు సంతకం చూశాడు, తేదీ చూశాడు, మిడతను చూశాడు. ముఖం మబ్బేసింది. "ఇదేంటమ్మా? పై నెలలో పంపబడవలసిన బాలిక ఇప్పుడు బస్సులో ఎలా ఉంటుంది? ఇంకా పంపబడని బాలిక, పంపబడుచున్న బస్సులో ఉండరాదు. నిబంధన! దించండి, వెంటనే దించండి!"

పొద్దుట్నుంచీ తిప్పుతున్న తాళం, పట్టుకోవడం మానేస్తే తెరుచుకున్నట్టయింది. పంపుతానని రాసిచ్చాకే పిల్ల దక్కింది.

మిగతా పదిమందికీ మడత గడే దిక్కైంది. జట్టును నాలుగు క్యాంపులకు తీసుకెళ్ళిన కోచ్ అక్కకు ఎవరెలా పడుకుంటారో కంఠతా వచ్చు. రిజిస్టరు సారు ఒక్కో సీటు దగ్గర ఆగి, "బోర్లా, నోరు తెరుచుకుని. మనదేనా?" అని అడిగాడు. ఒక విజిలు. "పక్కపిల్ల జడ పట్టుకుని. మనదే?" ఒక విజిలు. బస్సంతా ఖాళీ చేయించి, గదిలోకి వెళ్ళి అదే తంతు. అక్కడ అన్నీ రెండేసి విజిళ్ళు.

గది చివర బల్ల మీద ఆకుపచ్చ జెర్సీలో రెండోది, ఇస్త్రీ దుప్పటిలా నిటారుగా, కుడిపాదం ఒక్కటీ అంచు బయట. పిలిస్తే పలికిందే గానీ కళ్ళు తెరవలేదన్నమాట, నిద్రలోనే "వస్తున్నా" అనేసింది. ఆ విద్య కూడా మిడత దగ్గర నేర్చుకున్నదే.

"ఇదెవరిది?" అడిగాడు రిజిస్టరు సారు.

కోచ్ అక్క విజిలు నోట్లో పెట్టుకునేలోపే నంబరమ్మ అంది. "ఇదీ నాదే సార్. కానీ పంపాలి."

ఆయన ఆ మాటకు గడి వెతికి, దొరకక, అంచున చిన్నగా రాసుకున్నాడు.

జెర్సీలు తిరిగి మార్చుకోమంటే పిల్లలు ఒప్పుకోలేదు. ఎవరికి వచ్చింది వాళ్ళదే. మూడున్నరకు బస్సు కదిలింది. రెండోది కిటికీలోంచి నడుం వరకూ బయటికి వచ్చి చెయ్యి ఊపింది. వెళ్ళేటప్పుడు ఏమనాలో ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. తనకొచ్చిన మాటే గట్టిగా అరిచింది.

"ఆఁ, వస్తున్నా!"

నంబరమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "దీన్ని నమ్మడానికి లేదే," అంది మిడతతో. "ఈ మాటన్నాక ఎప్పుడైనా వచ్చిందా?"

ఇంటికెళ్ళాక అంతా విని అత్తగారు ఒకటే అడిగింది. "అయితే ఇంతకీ అంట్లు తోమేది ఎవరు?"

ఇది జరిగి నెల దాటింది. మిడత వెళ్ళి నాలుగురోజులైంది, రెండోదాని ఇంట్లోనే ఉంది. క్షేమంగా చేరినట్టు కబురొచ్చింది. నంబరమ్మ ఈసారి ఏ బట్టకూ నంబరు వేయలేదు. తెల్లవారి లేచి ఖాళీ పరుపు చూసుకుంటుంది, దుప్పటి సర్దుతుంది, పనికి పోతుంది. నల్లబల్ల మీద సున్నా ఉంది. జ్వరం కూడా లేదు. ఆమెకిప్పుడు మిడత గురించి భయం లేదు, ఉన్నా చెప్పదు. ఆమె బెంగంతా ఆ రెండోదాని తల్లి మీద. ఇద్దరు పిల్లలు, వరండాలో బంతి, పడిపోయే బిందెలు, పిలిస్తే ఇద్దరూ "వస్తున్నా" అనడం, ఇద్దరూ రాకపోవడం, కప్పిన పాదం కప్పినట్టు ఉండకపోవడం. పైగా ఆవిడకి అంట్లమీద దిగులుపడే అత్తగారైనా ఉందో లేదో.

కాబట్టి మీలో ఎవరైనా అటు వెళ్తే ఒక్క మేలు చేయండి. ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు. బయట తీగ మీద ఆకుపచ్చ జెర్సీ ఆరేసి ఉంటుంది, కాలరు తిప్పి చూడండి, ఎర్రదారంతో 417 ఉంటే అదే. తలుపు తట్టండి. పిల్లల్ని అడగక్కర్లేదు, వాళ్ళు బాగానే ఉంటారు. ఆ తల్లి తిన్నదో లేదో, కాసేపైనా నడుం వాల్చిందో లేదో చూసి రండి. ఒకవేళ కుర్చీలోనే కునికిపాట్లు పడుతూ కనిపిస్తే లేపకండి. ఎలా మడతపడి పడుకుందో మాత్రం కాస్త చూసి వచ్చి, నంబరమ్మకు చెప్పండి.